రోజువారీ అలవాట్లు – రేపటి ఆరోగ్యం

రాజపాళయం దగ్గర సత్రపట్టిలో మరమగ్గాల మీద బాండేజీ గుడ్డ నేస్తారు. ఎక్కడెక్కడివారి గాయాలకో కట్టే గుడ్డ అది. మరి దాన్ని నేసేవారి ఒంటి సంగతేమిటి?

పడుగులో ఒక్క పేక పోగు పడితే గుడ్డ కాదు. పోగు పక్కన పోగు పడితేనే అవుతుంది. అలవాటూ అంతే. ఇవాళ కాల్చిన బీడీ ఇవాళే రోగం తేదు. ఏళ్లు గడిచాక లెక్క అప్పజెబుతుంది.

లండన్‌లో డాక్టర్ జెరెమీ మోరిస్ బృందం బస్సు సిబ్బందిని పరిశీలించి 1953లో ఫలితాలు ప్రకటించింది. రోజంతా కూర్చునే డ్రైవర్లకంటే, రెండంతస్తుల బస్సుల్లో మెట్లెక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనిపించింది.

"మేం మగ్గం దగ్గర నిలబడే ఉంటాం కదా" అంటారేమో. నిలబడడం వేరు, నడవడం వేరు. వారానికి 150 నిమిషాల చురుకైన నడక కావాలి. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు, దాటకూడదు. ఊరగాయ, అప్పడం కూడా ఆ లెక్కలోవే. నూలు ధూళి లోపలికి పోకుండా ముక్కుకు రక్షణ, మోతకు చెవులకు రక్షణ ఉండాలి. సెలవు తర్వాత పనిలోకి వెళ్లిన రోజున ఛాతీ బిగిస్తే డాక్టరుకు చూపించండి. బీడీ ఆ బాధను పెంచుతుంది.

మగ్గం ఆగితే కూలి ఆగుతుంది, నిజమే. అందుకే ధూళి తగ్గించే ఏర్పాటు యజమాని చూడాలి. బీడీ, ఉప్పు, నడక మన చేతిలో ఉన్నవి. ఈ సాయంత్రం ఒక్కదానితో మొదలుపెట్టండి.