ఇసుకలో బరువుబండి

బండికి ఇసుక శత్రువన్న సంగతి మనకు ఎవరూ క్రొత్తగా చెప్పనక్కరలేదు. ఏటి ఇసుకలో ఎడ్లబండి తోలిన ప్రతి రైతుకూ అది అనుభవమే. ఇనుప పట్టా వేసిన చక్రం సన్ననిది. బస్తాల బరువంతా ఆ సన్నని అంచు మీదనే నిలుస్తుంది. ఎడ్లు ఎంత గుంజినా బండి కదలదు. దిగి బస్తాలు దించుకోవడం తప్ప వేరు మార్గం వుండదు. మోటారు లారీ వచ్చిన తరువాత ఈ చిక్కు తీరవలసింది. తీరకపోగా మరికొంత పెరిగింది. ఎడ్లు అలసిపోతే నిలిచిపోతాయి. ఇంజనుకు ఆ వివేకం లేదు. దిగబడిన చక్రాన్ని అది వున్నచోటనే గిరగిర త్రిప్పి, ఇరుసు నేలకు ఆనేదాకా తన గొయ్యి తానే తవ్వుకుంటుంది.

ఎడారులలో లారీలు నడిపేవారు ఈ చిక్కుకు ఒక ఉపాయం ఎరుగుదురు. ఇసుక అంచుకు రాగానే బండి ఆపి, దిగి, టైర్లలోని గాలిని చేతులారా కొంత వదిలివేస్తారు. వినడానికి ఇది విపరీతంగానే తోస్తుంది. రోడ్డు మీద గాలి తగ్గిన చక్రాన్ని చూస్తే, ముక్కూ ముఖం తెలియని డ్రైవరునైనా పిలిచి హెచ్చరిస్తాము గదా! అదే లోపం ఇసుకలో గుణమెట్లా అవుతుంది?

లారీ బరువును రబ్బరు మోస్తున్నదని మన భ్రమ. రబ్బరు సంచి మాత్రమే. మోసేది అందులో బంధించిన గాలి. డన్లప్ అనే పశువైద్యుడు తన కుమారుని మూడుచక్రాల బండికి గాలి గొట్టం తొడిగి చూసి, 1888లో దానికి పేటెంటు పొందిన నాటినుండి ఈ సూత్రం మారలేదు. చదరపు అంగుళానికి 90 పౌన్ల ఒత్తిడితో గాలి నింపిన టైరు, నేలను కూడా ఇంచుమించు ఆ ఒత్తిడితోనే అదుముతుంది. ఆ చక్రం మీద 4,500 పౌన్ల బరువు పడుతున్నదనుకోండి. 4,500ను 90 చేత భాగిస్తే 50. అంటే రెండు టన్నుల బరువు, వేళ్లతో సహా చాపిన రెండు చేతులంత చోటులో నిలిచి వున్నదన్నమాట. గాలిని 30 పౌన్లకు దించితే ఆ చోటు 150 చదరపు అంగుళాలవుతుంది. టైరు గోడల బిగువు కూడా కొంత మోస్తుంది గనుక లెక్క ఇంత కచ్చితంగా కుదరదు. కాని దాని తీరు ఇదే. బరువు తగ్గలేదు, ఇంజను బలం పెరగలేదు. నేల మీది అదుము మాత్రం మూడవ వంతుకు దిగింది. తడినేలలో ముక్కాలిపీట దిగబడుతుంటే క్రింద పలక వేసే ఇల్లాలికి ఈ శాస్త్రం చెప్పవలసిన పని లేదు.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం చాలామందికి వున్నది. గాలి తీస్తే టైరు అడ్డంగా వెడల్పవుతుందని, అందుచేత దిగబడదని అనుకుంటారు. వెడల్పు పెరిగే మాట నిజమే గాని అది స్వల్పం. ముఖ్యంగా పెరిగేది పొడవు. నేలను తాకే భాగం ముందుకూ వెనుకకూ సాగి, గుండ్రని చక్రం కొంతవరకు ట్యాంకుకు వుండే ఇనుప పట్టీవలె పనిచేస్తుంది. దీనివల్ల మరొక లాభం కూడా వున్నది. కుంగిన చక్రం ముందు ఇసుక గట్టులాగా లేస్తుంది. అట్టి చక్రం సమతలం మీద పోతున్నట్లు కనిపించినా, నిజానికి క్షణక్షణమూ తాను లేపిన గట్టును తానే ఎక్కుతూ వుంటుంది. ఇంజను బలమంతా అక్కడ ఖర్చవుతుంది. చాలు లోతు తగ్గితే గట్టు తగ్గుతుంది. బండి తేలికగా సాగుతుంది. ఒంటె పాదం చూడండి. అడుగు పెట్టగానే మెత్తగా పరచుకుంటుంది, ఎత్తగానే ముడుచుకుంటుంది. గుర్రపు గిట్టకు ఆ సౌలభ్యం లేదు.

ఈ విద్యను శ్రద్ధగా సాధన చేసినవారిలో రాల్ఫ్ బాగ్నాల్డ్ పేరు ముందు చెప్పుకోవాలి. ఆయన బ్రిటిషు సైన్యంలో ఇంజనీరు. 1920ల చివరనుండి సెలవు దొరికినప్పుడెల్లా మిత్రులను వెంటబెట్టుకొని, ఫోర్డు కార్లలో ఈజిప్టుకూ లిబియాకూ నడుమ వున్న ఎడారిలోకి పోయేవారు. అక్కడ ‘మహా ఇసుక సముద్రం’ అనే ప్రదేశం వున్నది. వంద మీటర్ల ఎత్తున వరుసలు వరుసలుగా తిన్నెలు. చక్రాల బండి దానిని దాటలేదని అంతవరకు అందరి నమ్మకం. బాగ్నాల్డ్ దాటారు. పెద్ద టైర్లు, తక్కువ గాలి, వెనుదీయని వేగం ఆయన సాధనాలు. వీటికి తోడు, దిగబడిన చక్రం క్రింద పెట్టడానికి ఇనుప తొట్ల వంటి రేకులు వాడారు. మొదటి ప్రపంచయుద్ధంలో కందకాలకు కప్పు వేయడానికి చేసిన ఆ రేకులు కైరోలో పాత సామాన్ల దుకాణంలో దొరికాయట! రేడియేటరులో మరిగిన నీటి ఆవిరి వృథా పోకుండా ఒక డబ్బాలోకి పట్టి, చల్లారగానే తిరిగి ఇంజనుకే చేర్చే ఏర్పాటు కూడా చేసుకున్నారు. ఎడారిలో ఎన్ని రోజులు బ్రతకగలమో చెప్పేది నీరే గదా.

ఏ ఇసుక బరువును ఓర్చుకుంటుంది, ఏది మింగుతుంది అన్న ప్రశ్న ఆయనను విడిచిపెట్టలేదు. తిన్నెకు గాలి వీచే వైపున రేణువులు ఒకదానితో ఒకటి ఒత్తుకొని గట్టిగా అమరుతాయి. అవతలి వైపున జారిపడిన ఇసుక వదులుగా వుంటుంది. కంటికి రెండూ ఒకటే! లండనులో గాలి సొరంగం ఒకటి నిర్మించి, ఇసుక కదలికను కొలిచి, 1941లో ఆయన ప్రకటించిన గ్రంథం నేటికీ ఆ శాస్త్రానికి ఆధారమే. ఆ గ్రంథం వెలువడేనాటికి ఆయన మరల ఎడారిలోనే వున్నారు. 1940లో కైరోలో ‘దీర్ఘదూర ఎడారి దళం’ స్థాపించారు. న్యూజిలాండు సైనికులు మొదట అందులో చేరారు. నూనె, నీరు, ఆహారం, తుపాకులు నింపిన ఒకటిన్నర టన్నుల లారీలు శత్రువు ఊహించని మార్గాన, ఆ ఇసుక మీదుగానే, వందల మైళ్లు నడిచాయి. 1942లో భారతీయ సైనికుల దీర్ఘదూర స్క్వాడ్రను కూడా ఆ ఎడారిలో పనిచేసింది. మన చరిత్ర పుస్తకాలలో దానికి రెండు వాక్యాల చోటైనా దొరకదు.

ఐతే, గాలి తీసినంత మాత్రాన పని పూర్తికాదు. దానికి చెల్లించవలసిన మూల్యం వున్నది. గాలి తగ్గిన టైరు గోడలు చక్రం తిరిగిన ప్రతిసారీ వంగి లేస్తాయి. ఇనుప తీగను మాటిమాటికి వంచితే వేడెక్కినట్లే, రబ్బరూ దానిలోని పొరలూ వేడెక్కుతాయి. నెమ్మదిగా పోతే ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. వేగంగా పోతే లోపలనే పేరుకొని పొరలు విడిపోతాయి, చివరకు టైరు పగులుతుంది. అందుచేత ఇసుకకు తగ్గించిన గాలితో గంటకు 20, 30 కిలోమీటర్లకు మించి పోరాదు. చటుక్కున మలుపు త్రిప్పరాదు. త్రిప్పితే టైరు అంచు రిమ్ము నుండి ఊడవచ్చు. బ్రేకు గట్టిగా వేస్తే చక్రం ముందు ఇసుక గుట్టపడుతుంది. ఆపవలసి వస్తే పల్లానికి ముఖం పెట్టి, తనంత తానే నిలిచేటట్లు ఆపడం మంచిది. చక్రం వున్నచోటనే తిరగడం మొదలుపెడితే వెంటనే ఇంజనుకు నూనె తగ్గించాలి. ఆ క్షణంలో పంతం పట్టి తొక్కినవాడే మధ్యాహ్నమంతా పార పట్టుకుంటాడు.

ఇది విని మన గోదావరి, పెన్న తిన్నెలలో ఇసుక ఎత్తే లారీలకు కూడా గాలి తీయవచ్చునా అని మీరు అడగవచ్చు. ఇక్కడ జాగ్రత్త అవసరం. మన రోడ్ల లారీలకు వెనుక ప్రక్కకు రెండేసి టైర్లు జోడుగా వుంటాయి. గాలి తగ్గగానే ఆ రెండింటి గోడలు ఉబ్బి, ఒకదానినొకటి రాసుకొని వేడెక్కుతాయి; నడుమ రాయి ఇరుక్కుంటే చెప్పనక్కరలేదు. పైగా, ముందు ఒంటి చక్రం తీసిన చాలులో వెనుక జోడు చక్రాలు ఇమడవు. అవి మరల క్రొత్త ఇసుకను త్రొక్కి చాలు తీయవలసిందే. అదీగాక, రేవు దాటగానే తారురోడ్డు వస్తుంది. మరల గాలి నింపుకొనే సాధనం బండిలో వుండదు. బరువు మీద బరువు ఎక్కించి, గాలి తక్కువ టైర్లతో ఆ రోడ్డున వేగంగా పోయే లారీ తనకే గాక, ఎదురు వచ్చేవారికి కూడా ప్రమాదమే. అట్టిచోట తాటాకులు, గడ్డి పరచి దారి గట్టిచేసుకొనే పాత పద్ధతే మేలని నా అభిప్రాయం.

జోడు చక్రాల చిక్కును సోవియట్ ఇంజనీర్లు అనుభవం మీద గ్రహించారు. వారి జిస్-151 లారీకి వెనుక జోడు టైర్లుండేవి. మెత్తని నేలలో అది చాలా ఇబ్బంది పెట్టింది. 1958లో వచ్చిన జిల్-157కు ఆరు చక్రాలూ ఒంటివే పెట్టి, వెనుకవి ముందు చక్రాల చాలులోనే నడిచేటట్లు చేశారు. అంతేగాక, డ్రైవరు తన ఆసనం నుండి కదలకుండానే టైర్లలో గాలి తగ్గించి, మరల నింపే గొట్టాలు అమర్చారు. ఈ చివరి ఏర్పాటుకు దారి చూపింది 1942లో అమెరికాలో తయారైన ‘డక్’ అనే నీటిబండి. అది సముద్రంలో పడవవలె ఈది, ఒడ్డున లారీవలె నడవవలసినది. అలలనుండి లేచి తడి ఇసుక, పొడి ఇసుక, ఆపైన రోడ్డు, మూడింటినీ వెంటవెంటనే దాటవలసిన బండిని మాటిమాటికి ఆపి, డ్రైవరు దిగి గాలి తీస్తూ, కొడుతూ కూర్చుంటే యుద్ధం ఆగుతుందా? సిసిలీ, నార్మండీ తీరాలలో ఆ బండ్లు సామాగ్రి మోశాయి.

ఇట్టి గొట్టాలు లేని లారీకి ఇసుక అవతలి అంచున మరల బండి ఆపవలసిందే. గాలిబ్రేకులకు వున్న పంపు నుండి గొట్టం తీసి, ఒక్కొక్క టైరుకే గాలి కొట్టాలి. అది చాలా సేపు పట్టే పని; ఎండలో విసుగు పుట్టించే పని. కొలత మాత్రం కంటితో కాదు, గేజీతోనే చూడాలి. గేజీ చూపే అంకెకు కూడా వేళ తెలిసి వుండాలి. మధ్యాహ్నం 57 డిగ్రీల వేడిలో 35 పౌన్లు చూపిన టైరు, తెల్లవారి 27 డిగ్రీల చల్లదనానికి, ఏ చిల్లీ లేకుండానే ఇంచుమించు 30కి దిగుతుంది. ఎడారిలో రాత్రి బస చేసినవారు ఉదయం ఇంజను ఇంకా చల్లగా వున్నప్పుడే గేజీ పట్టుకొని చక్రాల చుట్టూ ఒకసారి తిరిగి వస్తారు. అప్పటికి రాత్రి చెమ్మ ఇంకా ఆరక ఇసుక పై పొర గట్టిగా వుంటుంది. ఎండ ఎక్కేలోగా వీలైనంత దూరం ఆ వేళలోనే పోతారు.