ఆ భోజనశాల వెనక మన డ్వాక్రా అప్పు

(హిందూపురంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం)



అమెరికా సైనిక స్థావరాలకూ మనకూ ఏం సంబంధమని పొద్దున ఒకామె అడిగారు. ఆ సంబంధాన్ని నేను ధర్మవరంలో ఒక మగ్గం దగ్గర చూశాను. నేస్తున్న చెల్లెలి భర్త కువైట్‌లో ఒక అమెరికా స్థావరంలో పనికి వెళ్లాడు. ఏసీ భోజనశాల, వ్యాయామశాల, సినిమా హాలు, బర్గర్ల దుకాణం అన్నీ ఉన్నాయని ఫోనులో చెప్పాడట. ఆమె ముచ్చటగా చెప్పింది. ఉన్నమాట నిజమే, సిపాయిలకు. ఆయన అక్కడ పళ్లేలు కడుగుతాడు.

కువైట్ నగరానికి దక్షిణాన కాంప్ అరిఫ్‌జాన్ ఉంది. 2003లో ఇరాక్ యుద్ధానికి సైన్యమూ సరుకులూ చాలావరకు కువైట్ మీదుగానే కదిలాయి. అలాంటి చోట్ల వంట, లాండ్రీ, ఊడ్పు పనులు ఎక్కువగా కాంట్రాక్టు పనులే. పెద్ద కంపెనీ చిన్న కంపెనీకిస్తుంది, అది ముంబయి ఏజెంటుకు చెబుతుంది, ఆయన మనిషి పెనుకొండలో తిరుగుతుంటాడు. పనివాడిని ‘థర్డ్ కంట్రీ నేషనల్’ అంటారు. అంటే అమెరికావాడూ కాదు, ఆ దేశపువాడూ కాదు, మూడో దేశపు మనిషి. మనమెరిగిన మేస్త్రీ పద్ధతే, విమానం ఎక్కింది, అంతే.

ఇళ్లలో పనికి కువైట్ వెళ్లే ఆడవాళ్ల గురించి చాలాసార్లు మాట్లాడుకున్నాం. మగవాళ్లను పంపి ఇక్కడ అప్పు మోస్తున్న ఆడవాళ్ల సంగతి తీయలేదు. ఈ చెల్లెలు ఏజెంటుకు లక్షా ఇరవై వేలు కట్టింది. సగం తన పేరున డ్వాక్రా అప్పు, మిగతాది పుస్తెల తాకట్టు. అక్కడ జీతం మూడు నెలలు ఆగింది. ఇక్కడ కంతు ఆగితే గుమ్మం ముందుకొచ్చేది కంపెనీ కాదు, గ్రూపులోని తోటి ఆడవాళ్లే. వాళ్లను మాత్రం ఏమనగలం?

2004లో అమ్మాన్‌లో హోటలు పని అని చెబితే బయల్దేరిన నేపాలీ యువకుల్ని ఇరాక్‌లోని అమెరికా స్థావరానికి తరలించబోయారు. దారిలో ఎత్తుకుపోయి 12 మందిని చంపేశారు.

2012లో ఒబామా ఉత్తర్వు ఇచ్చారు. 2015లో అది కాంట్రాక్టు నిబంధనల్లో చేరింది. కాంట్రాక్టరైనా, సబ్ కాంట్రాక్టరైనా పనివాడి దగ్గర నియామక రుసుము తీసుకోరాదు, పాస్‌పోర్టు లాక్కోరాదు, పని గురించి అబద్ధం చెప్పరాదు. మన నిబంధనల ప్రకారం కూడా లైసెన్సున్న ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోరాదు. రసీదివ్వాలి.

“రసీదుందా?” అని అడిగాను. ఆమె నవ్వి నాడె తోసింది.

ఆమె గ్రూపులో ఇంకో ఇద్దరు ఇదే పనికి అప్పు అడిగారట. వచ్చే సమావేశంలో తీర్మానం రాసేముందు ఏజెంటు లైసెన్సు నంబరు, రసీదు చూపమని అడగండి. ఆ రోజు నేనూ వస్తాను.