పొరుగువాని ప్రత్తిచేను



ప్రత్తిపంటను గూర్చి నేను ఉపన్యసింపబూనుట మీలో కొందరికి వింతగా తోచవచ్చును. నేను వ్యవసాయశాస్త్రము చదివినవాడను గాను. చరిత్ర చదువుకొని, కచేరిలో దస్త్రములు తిరుగవేయుచున్నవాడను. అయినను పైరుమీది పురుగును అదుపులో నుంచుట సగము శాస్త్రజ్ఞుల పని, తక్కిన సగము చట్టమునకును, ఊరి కట్టుబాటునకును సంబంధించిన పని. ఆ రెండవ సగమును గూర్చియే నాలుగు మాటలు మనవి చేయుదును.

జగదల్‌పూరునుండి కుంట మీదుగా భద్రాచలమునకు వచ్చు రహదారిలో తోంగ్‌పాల్ అను ఊరు కలదు. అది నేటి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునందలి సుక్మా జిల్లాలోనిది. ఆ ప్రక్కలనుండు జనులకు వరి, చిరుధాన్యములు, అడవిలో దొరకు ఇప్పపువ్వు, చింతపండు జీవనాధారములు. ప్రత్తితో వారికేమి పని యని మీరడుగవచ్చును. బస్తరు ప్రాంతమునుండి ఏటేట వేలకొలది కూలిజనము ఇదే త్రోవన గోదావరి సీమకు దిగివచ్చి, మిరపకోతలలోను ప్రత్తి ఏరుటలోను పాటుపడి, నాలుగు డబ్బులు మూటకట్టుకొని తిరిగిపోవుదురు. మన రైతు చేను పురుగు పాలైనప్పుడు ఆతని అప్పు పెరుగును. అటు వారి పొయ్యియు చల్లబడును. కావున ఈ నష్టము ఒక్క గట్టుతో ఆగునది కాదు.

ఇక పురుగు సంగతి. ప్రత్తికి శత్రువులు పెక్కు. 1987-88లో గుంటూరు, ప్రకాశము జిల్లాలలో తెల్లదోమ చెలరేగి రైతులను అప్పులలో ముంచినది. 1997-98లో వరంగల్లు జిల్లాలో పొగాకు లద్దెపురుగును, శనగపచ్చపురుగును పంటను తినివేయగా ఎందరో రైతులు ప్రాణములు తీసికొనిరి. పురుగునకని కొన్న మందే ఆ మరణములకు సాధనమైనది. నేడు మనలను పీడించునది గులాబిరంగు పురుగు. దీనిని 1843లో సాండర్సు అను ఆంగ్లేయుడు భరూచినుండి వచ్చిన నమూనాలనుబట్టి శాస్త్రలోకమునకు తెలిపినాడు. కావున ఇది మనకు క్రొత్త చుట్టము గాదు.

దీని నడవడి యెరిగినగాని చట్టమెందుకో బోధపడదు. పిల్లపురుగు లేతకాయలో దూరి గింజలను తినును. దూరిన రంధ్రము పూడిపోవును. పైకి కాయ చక్కగనే యుండును, పగిలినపుడు గుడ్డిప్రత్తి బయటపడును. లోపలనున్న పురుగును పైన చల్లు మందు తాకదు. పంట ముగియు కాలమున పుట్టిన పురుగులు కొన్ని గింజలలోను, ఎండుకాయలలోను నిద్రావస్థలో పడియుండి మరుసటి తొలకరికి లేచును. మనవారు ప్రత్తికట్టెను వంటచెరకుగా ఇంటిముందు పేర్చుకొందురు. ఆ కట్టెకంటియున్న కాయలలో వచ్చే యేటి ఆపద దాగియుండును. జిన్నింగుమిల్లుల గింజగుట్టలును అట్టివే.

దీనినిబట్టి చికిత్స స్పష్టము. సంవత్సరమునందు కొన్ని నెలలపాటు పొలములో పచ్చనిప్రత్తి ఉండరాదు. ఊరంతయు ఇంచుమించు ఒకేకాలమున విత్తవలెను. డిసెంబరు ముగియునాటికి పంట ముగింపవలెను. గొర్రెలను, పశువులను చేలలో మేపి మిగిలిన కాయలు తినిపింపవలెను. మోళ్లను పెరికి ముక్కలుచేసి భూమిలో కలియదున్నవలెను. నూరుమంది ఈ పని చేసి, పదిమంది మార్చివరకు చేను నిలిపినచో, ఆ పదిమంది చేలు నూరుమందికిని పురుగుల పుట్టలగును. ఇక్కడనే చట్టము ప్రవేశించుచున్నది.

చెన్నపురి రాజధానిలో 1919లోనే వ్యవసాయ చీడపీడల చట్టము వెలసినది. నాడు సర్కారు జిల్లాలును, రాయలసీమయు ఆ రాజధానిలోనివే. ప్రభుత్వము ఫలానా పురుగును చీడగా ప్రకటించి, ఫలానా పని చేయుడని భూమి అనుభవదారుని ఆజ్ఞాపింపవచ్చును. అతడు చేయనిచో అధికారులే చేయించి ఖర్చు రాబట్టవచ్చును. కోయంబత్తూరు ప్రాంతమున కంబోడియా ప్రత్తిమోళ్లను గడువులోపల పెరికివేయవలెనను నియమము ఆ చట్టముక్రింద పుట్టినదే. నూరేండ్ల నాడే మనవారి కీ సూక్ష్మము తెలిసియుండెను.

తరువాత శాస్త్రము మనకొక ధైర్యమునిచ్చినది. 2002లో బీటీ ప్రత్తికి అనుమతి లభించెను. 2006లో రెండు జన్యువులుగల రకము వచ్చెను. కాయతొలుచు పురుగులు తగ్గినవి. రైతు కొంత ఊపిరి పీల్చుకొనెను. అయితే ఆ విత్తనముతోపాటు నాడు ఒక నియమముండెను: చేనుచుట్టు బీటీ కాని ప్రత్తిని ఐదు వరుసలైనను, విస్తీర్ణములో ఐదవవంతైనను వేయవలెనని. విషమునకు లొంగు పురుగులు అక్కడ బ్రతికి, లొంగని వానితో జతకట్టినచో నిరోధశక్తి వ్యాపింపకుండునని దీని తాత్పర్యము. 450 గ్రాముల బీటీ సంచితోపాటు 120 గ్రాముల చిన్నపొట్లము ఇచ్చుచుండిరి. పెక్కుచోట్ల ఆ పొట్లము గట్టుమీదనే ఉండిపోయినది. పురుగునకు ఆహారముగా పంట వేయుమన్న ఏ రైతు వేయును? కారణము చెప్పువారు లేని నియమము కాగితముమీదనే నిలుచును. 2010లో గుజరాతునుండి మొదటి జన్యువునకు పురుగు లొంగుటలేదన్న వార్త వెలువడెను. కొలది యేండ్లలో రెండవ రకమునకును అదే గతి పట్టినది. 2017 నాటికి మన తెలుగు రాష్ట్రముల రైతులును ఆ బాధ చవిచూచిరి.

విదేశములలో ఇట్టి కథ యొకటి ముందే జరిగినది. పెరూ దేశమునందలి కన్యేతే లోయలో 1949 మొదలు డి.డి.టి. వంటి మందులను విరివిగా చల్లిరి. 1950లో హెక్టారునకు 494 కిలోలుగా నున్న దిగుబడి 1954కు 728 కిలోలైనది. పిమ్మట మిత్రకీటకములు నశించి, శత్రుకీటకములు మందునకు లొంగక, 1956లో అది 332 కిలోలకు పడిపోయినది. అప్పుడు రైతులసంఘమే ముందునకు వచ్చి కట్టుబాట్లు కోరెను: విత్తుకాలము నిర్ణయింపుడు, పిలకప్రత్తిని నిషేధింపుడు, ఆ మందులను ఆపుడు, అని. ప్రభుత్వము వానికి చట్టబలము నిచ్చెను. పంట కోలుకొన్నది. అమెరికాలోను 1917లో ప్రవేశించిన గులాబిరంగు పురుగును, గడువులోపల చేలు దున్నుట మొదలుగాగల పెక్కు ఉపాయములను కలిపి నడపి, 2018లో నిర్మూలించినట్లు ప్రకటించిరి.

ఐతే మన దేశమున ఆజ్ఞ ఒక్కటియే చాలునా? చాలదు. రైతు ఫిబ్రవరి, మార్చి వరకు చేను నిలుపుకొనుట మూర్ఖత్వము గాదు. మొదటి ఏరుడు సొమ్ము ఎరువుల దుకాణమునకు, అప్పులవానికి పోవును. కడపటి ఏరుడే ఇంటికి మిగులునని ఆతని ఆశ. వర్షాధారపు భూమిలో మోళ్లు పెరికినను వేరొక పైరు పండదు. అట్టివానితో, పొరుగువాని మేలుకొరకు నీ కాయలు వదలుకొమ్మని చెప్పువారు ఆతని నష్టమునుగూడ లెక్కవేయవలెను. త్వరగా పండు రకములు, ప్రత్తిపిమ్మట అపరాలు వేయుటకు విత్తనము, కట్టెను ముక్కలుచేయు యంత్రము అద్దెకు, డిసెంబరులోపల న్యాయమైన ధరకు కొనుగోలు — ఇవి సమకూర్చిన పిదప గడువు విధించుట న్యాయము. 2020 వానకాలమున తెలంగాణ ప్రభుత్వము నియంత్రితసాగును ప్రకటించి, ఏ పంట యెంత వేయవలెనో సూచించెను. ఆ యేడు డిసెంబరులోనే దానిని విరమించుకొనెను. అది ధరలను, విస్తీర్ణమును ఉద్దేశించిన విధానము, పురుగును ఉద్దేశించినది గాదు. అయినను రైతు మనస్సు ఒప్పని నియమము నిలువదని మనమందుండి గ్రహింపవచ్చును.

ఒప్పించుట అసాధ్యమా? తోంగ్‌పాల్ త్రోవనే వచ్చి గోదావరి దాటినచో, పాల్వంచ దాపున పునుకుల అను చిన్న గ్రామమున్నది. మందుల అప్పులతో నలిగిన ఆ ఊరి రైతులు, సెక్యూర్ అను స్వచ్ఛందసంస్థ తోడ్పాటుతో, 1999 ప్రాంతమున వేపగింజల కషాయము, లింగాకర్షక బుట్టలు, ఎరపంటగా ఆముదము మొదలైన ఉపాయములను చేపట్టిరి. మొదట కొలదిమందియే. పిమ్మట మహిళాసంఘములు పట్టుబట్టినవి. 2004 నాటికి పురుగుమందులు లేని గ్రామమని పంచాయతీయే చాటినది. వారి నాటి సమస్య నేటి గులాబిరంగు పురుగుకంటె వేరు. కషాయము కాయలోపలికిని పోజాలదు. కాని ఊరంతయు కూడి ఒక నిర్ణయమునకు కట్టుబడుట యెట్లో వారు చూపినారు. ఆ కట్టుబాటే డిసెంబరు గడువునకును కావలసినది.

సోదరులారా! మనలో పెక్కుమందికి ఊరిలో ఇంకను సెంటో, ఎకరమో భూమి కలదు. కౌలునకిచ్చి ఇక్కడ ఉద్యోగములు చేసికొనుచున్నాము. రాబోవు సంక్రాంతికి మనము స్వగ్రామమునకు పోయినపుడు, మన చేనిలో ప్రత్తిమోళ్లు నిలిచియున్నవేమో చూతము. నిలిచియున్నచో కౌలుదారుని నిందింపక, వానిని పెరికించు కూలిలో మన వంతు మనమిత్తము. పొరుగువాని కొకమాట చెప్పుటకు అప్పుడు మనకు నోరుండును.