అక్షరం పెద్దదైతే హెడ్డింగ్ అయిపోదు

పోయిన ఎపిసోడ్‌లో బ్లాగర్‌లో సొంత బ్లాగ్ తెరవడం చూశాం. ఈరోజు రాసిన పోస్టుని చదవడానికి వీలుగా సర్దడం, అంటే ఫార్మాటింగ్ నేర్చుకుందాం.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. కొత్తలో డిగ్రీ అడ్మిషన్ల మీద ఒక పోస్ట్ రాశాను. ఏ సర్టిఫికెట్లు కావాలి, ఫీజు ఎంత, చివరి తేదీ ఎప్పుడు, అన్నీ పెట్టాను. ప్రతి భాగం పేరునీ సైజు పెంచి, బోల్డ్ చేసి, ఎర్ర రంగు వేశాను. అదిరిపోయింది అనుకున్నా. వారం తర్వాత కంటిచూపు లేని ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. అతను ఫోన్‌లో టాక్‌బ్యాక్ పెట్టుకుని వింటాడు. "అన్నా, మీ పోస్టులో ఒక్క హెడ్డింగ్ కూడా లేదు. చివరి తేదీ కోసం మొత్తం వినలేక మధ్యలో ఆపేశాను" అన్నాడు.

ఆరు హెడ్డింగ్‌లు పెట్టాను కదా అని చూసుకుంటే, నిజంగానే ఒక్కటీ లేదు! నేను పెట్టినవి పెద్ద అక్షరాలు మాత్రమే. కంటికి అది హెడ్డింగే. ఫోన్‌కి మాత్రం మామూలు వాక్యమే. హెడ్డింగ్ అని గుర్తు పెడితేనే టాక్‌బ్యాక్ ఒక హెడ్డింగ్ నుంచి ఇంకోదానికి దూకగలదు.

ఆ గుర్తు ఎలా పెట్టాలో చూడండి. ఫోన్‌లో అయితే క్రోమ్‌లో బ్లాగర్ తెరిచి, పోస్ట్ ఎడిటర్‌లోకి వెళ్లండి. పైన టూల్‌బార్ ఉంటుంది. కొన్ని బటన్లు కనబడకపోతే మూడు చుక్కలు నొక్కండి. భాగం పేరు ఉన్న లైన్‌ని సెలెక్ట్ చేసి, పేరాగ్రాఫ్ ఫార్మాట్ మెనూలో 'హెడ్డింగ్' ఎంచుకోండి. దాని లోపలి చిన్న భాగాలకు 'సబ్‌హెడ్డింగ్'. పైన పోస్ట్ టైటిల్ ఎలాగూ ఉంది కాబట్టి 'మేజర్ హెడ్డింగ్' జోలికి పోకండి.

సర్టిఫికెట్ల పేర్లలాంటివి వరసగా రాస్తున్నప్పుడు మీరే గీతలు, చుక్కలు టైప్ చేయకండి. బుల్లెట్ లిస్ట్ బటన్ నొక్కండి. ఒకదాని తర్వాత ఒకటి చేయాల్సిన పనులైతే నంబర్ల లిస్ట్ వాడండి.

ఇప్పుడు కాపీ పేస్ట్ సంగతి. వాట్సాప్‌లో మాటకి అటూ ఇటూ స్టార్ పెడితే బోల్డ్ అవుతుంది. అదే మెసేజ్ కాపీ చేసి బ్లాగ్‌లో పెడితే స్టార్లు స్టార్లుగానే మిగిలిపోతాయి. వేరే వెబ్‌సైట్ నుంచి తెచ్చుకుంటే అక్కడి ఫాంటు, సైజు, రంగు కూడా వెంట వచ్చేస్తాయి. మీ బ్లాగ్ థీమ్ నల్లగా ఉండి, వచ్చిన అక్షరాలూ నల్లగా ఉంటే ఇక ఏం కనబడుతుంది? అందుకే పేస్ట్ చేసేటప్పుడు వేలితో నొక్కి పట్టుకుని 'పేస్ట్ యాజ్ ప్లెయిన్ టెక్స్ట్' ఎంచుకోండి. కంప్యూటర్‌లో క్రోమ్ అయితే కంట్రోల్, షిఫ్ట్, వి. ఇప్పటికే పేస్ట్ చేసేశారా? సెలెక్ట్ చేసి 'క్లియర్ ఫార్మాటింగ్' నొక్కండి.

తెలుగులో రాసేవాళ్లకి ఇంకో మూడు మాటలు. ఒకటి, ఇటాలిక్ వాడకండి. చాలా తెలుగు ఫాంట్లకి విడిగా ఇటాలిక్ ఉండదు, బ్రౌజరే అక్షరాన్ని పక్కకి వంచేస్తుంది. రెండు, అండర్‌లైన్ వద్దు. గీత వత్తులకి అడ్డం పడుతుంది, పైగా లింక్ అనుకుని జనం నొక్కుతారు. మూడు, రెండు అంచులూ సమానంగా వచ్చే జస్టిఫై వద్దు. మన మాటలు పొడుగు, ఫోన్ స్క్రీన్ సన్నం. మాటల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు వస్తాయి. ఎడమవైపు అలైన్‌మెంట్ చాలు.

బోల్డ్ మాత్రం వాడండి, కానీ పొదుపుగా. చివరి తేదీ ఒక్కటే బోల్డ్‌లో ఉంటే కన్ను నేరుగా అక్కడికే వెళ్తుంది. పేరా అంతా బోల్డ్ చేస్తే ఏదీ ముఖ్యం కానట్టే. పబ్లిష్ చేసే ముందు ప్రివ్యూ ఒకసారి ఫోన్‌లో చూసుకోండి. కుదిరితే టాక్‌బ్యాక్ ఆన్ చేసి వినండి కూడా.

ఆ పోస్టుని నేను పది నిమిషాల్లో సరిచేసి ఆ తమ్ముడికి లింక్ పంపాను. "ఇప్పుడు వెంటనే దొరికింది అన్నా" అన్నాడు. చివరి తేదీకి ఇంకా రెండు రోజులే ఉంది.

మీ పాత పోస్ట్ ఒకటి ఇవాళే తెరిచి, అందులో నిజమైన హెడ్డింగ్‌లు ఎన్ని ఉన్నాయో చూసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో ఫోటోలు పెట్టడం చూద్దాం. ఉంటాను!