తన పాట తానే పాడిన నటి: భానుమతీ రామకృష్ణ
(స్నాతకోత్సవ ప్రసంగం)

భానుమతి 1925 సెప్టెంబరు 7న ఒంగోలు దగ్గరి దొడ్డవరం గ్రామంలో పుట్టారు. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య, తల్లి సరస్వతమ్మ. తండ్రికి శాస్త్రీయ సంగీతమంటే ప్రాణం. కూతురికి మొదటి గురువు ఆయనే. ఇంట్లో రోజూ సాధన, త్యాగరాజ కీర్తనలు. సినిమా వేషం కోసం కాక, పాట పాటగానే రావాలని నేర్పిన సంగీతం అది. ఆమె జీవితంలో ఆ తర్వాత జరిగిన ప్రతిదానికీ ఆ సాధనతో సంబంధం ఉంది.

1939లో సి.పుల్లయ్య దర్శకత్వంలో వచ్చిన 'వరవిక్రయం' ఆమె మొదటి సినిమా. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. కాళ్ళకూరి నారాయణరావు వరకట్నం మీద రాసిన నాటకానికి అది తెర రూపం. డబ్బుకు కొనుక్కున్న మొగుడు వద్దని ప్రాణం తీసుకునే పెద్దకూతురు కాళింది పాత్ర భానుమతిది. ఆ పెళ్ళికొడుక్కే బుద్ధి తెప్పించే చిన్నకూతురు కమల పాత్ర పుష్పవల్లిది. పరువుగల ఇంటి ఆడపిల్ల సినిమాల్లో వేషం కట్టడాన్ని ఊరు ఊరంతా చెవులు కొరుక్కుంటూ చూసిన రోజులవి. తండ్రి ఒప్పుకున్నారు గాని కొన్ని కట్టుబాట్లు పెట్టారు: కూతుర్ని హీరో కౌగిలించుకునే దృశ్యాలు ఉండకూడదన్నది వాటిలో ఒకటి. చిన్నతనంలో తండ్రి పెట్టిన ఆ హద్దును ఆమె పెద్దయ్యాక తన సొంత నియమంగా మార్చుకున్నారు. తెరమీద తన దేహం, తన గొంతు, తన మాట ఎలా కనిపించాలో, వినిపించాలో నిర్ణయించే హక్కు తనదేనన్నది ఆ నియమం.

'మాలతీ మాధవం', 'ధర్మపత్ని', 'భక్తిమాల' తర్వాత 'కృష్ణప్రేమ' చిత్రానికి పనిచేస్తున్నప్పుడు ఆ యూనిట్‌లో సహాయ దర్శకుడిగా ఉన్న పి.ఎస్.రామకృష్ణారావుతో పరిచయం ప్రేమగా మారింది. 1943లో పెళ్ళి జరిగింది. పెళ్ళితో సినిమాలు చాలించి ఇల్లు చూసుకోవాలన్నదే అప్పటి ఆమె కోరిక. అది లోకానికి వెరచి తీసుకున్న నిర్ణయం కాదు. సంసారం అంటే ఆమెకు నిజంగా ఇష్టం. వాహినీ సంస్థ అధినేత బి.ఎన్.రెడ్డి ఇంటికి వచ్చి, భర్తను ఒప్పించి, ఆమెను మళ్ళీ కెమెరా ముందుకు తీసుకువచ్చారు.

అలా వచ్చిన 'స్వర్గసీమ' 1945లో విడుదలైంది. వీధుల్లో ఆడిపాడే సుబ్బి నాటకరంగపు తారగా, సుజాతాదేవిగా ఎదిగి, పెళ్ళయిన నాటక రచయిత మూర్తిని తనవైపు లాక్కునే కథ. మూర్తి పాత్రలో నాగయ్య. సుబ్బిని చెడ్డదానిగా చూపి చేతులు దులుపుకోవడం సులువు. భానుమతి ఆ పిల్లలోని ఆకలిని, తెలివిని, పైకి రావాలన్న ఆత్రాన్ని కలిపి చూపించారు. అందులో పావురాన్ని పట్టుకుని ఆమె పాడిన పాట ఆంధ్రదేశమంతా మారుమోగింది. హాలీవుడ్ నటి రీటా హేవర్త్ సినిమా ఒకటి చూసినప్పుడు మనసులో పడిన బాణీ ఆ పాటకు ప్రేరణ. శాస్త్రీయ సంగీతంలో పెరిగిన గొంతు పరదేశపు వరసను ఏ బెరుకూ లేకుండా తెలుగులోకి తెచ్చుకుంది. ఘంటసాల నేపథ్య గాయకుడిగా మొదట పాడింది కూడా ఈ సినిమాలోనే.

ఇక్కడ సినిమా సాంకేతికత గురించి కొంత చెప్పాలి. 1930లలో నటీనటులు కెమెరా ముందు నటిస్తూనే పాడేవారు. వాద్యాలవాళ్ళు తెరకు కనబడకుండా దగ్గర్లోనే కూర్చునేవారు. గొంతు లేనివాళ్ళకు వేషం దొరకడం కష్టం. 1940ల నడుమ నుంచి పాటను ముందుగా విడిగా రికార్డు చేసి, చిత్రీకరణలో పెదవులు కదపడం వాడుకలోకి వచ్చింది. దాంతో పాట రాని అందగత్తెలకూ అందగాళ్ళకూ దారి తెరుచుకుంది, పి.లీల, జిక్కి, సుశీల వంటి గాయనుల కాలం మొదలైంది. ఎస్.వరలక్ష్మి వంటి ఒకరిద్దరిని తప్పిస్తే నటి వేరు, గొంతు వేరు అయిపోయింది. భానుమతి మాత్రం తన పాట తానే పాడుతూ వచ్చారు. తెలుగులోనైనా తమిళంలోనైనా అంతే. దాని ఫలితం నటనలో కనిపిస్తుంది: పాట ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో ముఖం అక్కడే ఊపిరి తీసుకుంటుంది, గమకం దగ్గర మెడ సహజంగా కదులుతుంది. ఇంకొకరి గొంతుకు పెదవులు కలిపిన నటి ఎంత నేర్పరైనా అందుకోలేని పొత్తు అది.

1951 డిసెంబరులో వచ్చిన 'మల్లీశ్వరి'లో ఇదంతా పరాకాష్ఠకు చేరింది. బి.ఎన్.రెడ్డి దర్శకత్వం, దేవులపల్లి కృష్ణశాస్త్రి మాటలు, పాటలు, సాలూరి రాజేశ్వరరావు సంగీతం. నాగరాజుగా ఎన్.టి.రామారావు. వీరాపురంలో బావామరదళ్ళుగా పెరిగిన నాగరాజు, మల్లి వానలో ఒక సత్రంలో తలదాచుకుంటారు. మారువేషంలో అక్కడికి వచ్చిన శ్రీకృష్ణదేవరాయలు మల్లి ఆటాపాటా చూసి మెచ్చుకుంటారు. వచ్చింది ఎవరో తెలియని నాగరాజు, మల్లికి రాణివాసం పల్లకీ పంపమని రాయలకు చెప్పమంటూ వేళాకోళం చేస్తాడు. ఆ వేళాకోళమే నిజమై ఇద్దరినీ విడదీస్తుంది.

సినిమా మొదటి సగంలో మల్లి బండి మీద, చెట్టు కింద, ఏటి ఒడ్డున గలగలా తిరిగే పల్లెటూరి పిల్ల. రెండో సగంలో అంతఃపురంలో నగల బరువు మోస్తున్న బందీ. భానుమతి ఈ రెంటికీ వేరువేరు గొంతులు వాడారు. మాటలోనూ పాటలోనూ మొదటి సగపు వేగం రెండో సగంలో తగ్గుతుంది. నవ్వు కళ్ళ దాకా రాకుండా పెదవుల దగ్గరే ఆగిపోతుంది. ఆమె ఏడుపులో కూడా శృతి తప్పదు, అయినా అది పాడినట్టు ఉండదు. తెలుగు సినిమాలో ఒక నటి చేసిన అత్యుత్తమ పాత్రలు లెక్కించేటప్పుడు మల్లిని మొదటి వరసలో ఉంచడానికి సంకోచించనక్కరలేదు. ఈ సినిమా చైనీస్ ఉపశీర్షికలతో చైనాలోనూ ప్రదర్శితమైంది.

దీనికి ముందే భార్యాభర్తలు కొడుకు పేరు మీద భరణీ సంస్థను స్థాపించారు. 1948లో 'రత్నమాల', 1949లో 'లైలా మజ్ను' వచ్చాయి. అక్కినేని నాగేశ్వరరావు మజ్నుగా, సి.ఆర్.సుబ్బరామన్ సంగీతంతో వచ్చిన 'లైలా మజ్ను' ఘనవిజయం సాధించింది. తర్వాత మద్రాసు సాలిగ్రామంలో భరణీ స్టూడియో వెలిసింది. సినిమాకు పెట్టుబడి పెట్టి, స్టూడియో నడిపి, నెలాఖరున జీతాలు ఇచ్చే బాధ్యత మోసిన నటీమణులు ఆ తరంలో కొద్దిమందే. కన్నాంబ, అంజలీదేవి కూడా భర్తలతో కలిసి చిత్రనిర్మాణం చేశారు. ఆ ముగ్గురి నిర్మాణ చరిత్ర మీద జరగవలసినంత పరిశోధన ఇంకా జరగలేదు. ఈ రోజు పట్టాలు అందుకుంటున్నవారిలో చరిత్ర, వాణిజ్యశాస్త్రం చదివినవారికి అది మంచి పరిశోధనాంశం.

1953లో 'చండీరాణి'కి ఆమె తానే దర్శకత్వం వహించారు. తమిళంలో టి.పి.రాజలక్ష్మి 1936లోనే ఆ పని చేశారు. తెలుగులో దర్శకత్వ బాధ్యత చేపట్టిన తొలి మహిళ భానుమతి. అదీ మూడు భాషల్లో ఒకేసారి: తెలుగు, తమిళం, హిందీ. అందులోనూ ఆమెది ద్విపాత్రాభినయం. కవలలు ఇద్దరు ఒకే ఫ్రేములో కనిపించాలంటే అప్పట్లో కెమెరా కటకానికి ఒక సగం మూసి తీసి, ఫిల్మును వెనక్కి తిప్పి రెండో సగం తీయవలసి వచ్చేది. వెలుతురు, చూపు, నిలబడే చోటు వెంట్రుకవాసి తేడా రాకూడదు. ఆ పనిని మూడు భాషల సంభాషణలతో, తానే నటిస్తూ, తానే చెబుతూ పూర్తి చేసినప్పటికి ఆమెకు ముప్ఫై ఏళ్ళు నిండలేదు. తొలి మహిళా దర్శకురాలు అన్న బిరుదు వెనుక ఉన్న ఈ చాకిరీని గుర్తిస్తేనే ఆ గౌరవానికి అర్థం. మరుసటి సంవత్సరం వచ్చిన హాస్యచిత్రం 'చక్రపాణి'కి సంగీత దర్శకత్వం కూడా ఆమెదే.

అదే కాలంలో 'విప్రనారాయణ'లో విష్ణుభక్తుణ్ణి మోహంలోకి దించే దేవదేవిగా, 1956లో 'చింతామణి'గా నటించారు. 'చింతామణి' కూడా కాళ్ళకూరి వారి నాటకమే. కాళింది నుంచి చింతామణి దాకా పదిహేడేళ్ళలో ఆ నాటకకర్త సృష్టించిన రెండు కొసల స్త్రీలు ఆమె చేతుల్లో తెరకెక్కారు. 1961లో శరత్ 'బడదీదీ' ఆధారంగా తీసిన 'బాటసారి'లో యువ వితంతువు మాధవి పాత్ర మరోరకం. దాదాపు మాటలు లేకుండా, తలవంచుకునే తీరుతో, అడుగు తడబాటుతో నడిచిన నటన అది. డబ్బు తేకపోయినా భరణీ వారి సినిమాలన్నిటిలోనూ నిలకడగా నిలిచే కృతి 'బాటసారి'.

తమిళంలో ఆమె స్థానం తెలుగులో కంటే తక్కువది కాదు. జెమినీ వారి 'అపూర్వ సహోదరర్గళ్', దాని హిందీ రూపం 'నిషాన్' రెండిట్లోనూ ఆమే నాయిక. ఎం.జి.రామచంద్రన్‌తో 'మలైక్కళ్ళన్', 'అలీబాబావుం నార్పదు తిరుడర్గళుం', 'మదురై వీరన్'. శివాజీ గణేశన్‌తో అన్నాదురై కథ 'రంగూన్ రాధా'. 1962లో ఏవీఎం వారి 'అన్నై'లో, పెంచిన బిడ్డను పోగొట్టుకుంటానేమోనన్న భయంతో ప్రేమే పీడనగా మారే తల్లిగా నటించారు. అన్నాదురై ఆమెను నటనకే వ్యాకరణం అని కొనియాడారు. ఆయన మాటల మాంత్రికుడు గనుక ఆ పొగడ్తను తేలిగ్గా తీసుకోకూడదు.

ఆమెకు పొగరు అన్న పేరూ ఉంది. విజయా వారి 'మిస్సమ్మ'లో మొదట నాయిక ఆమే. కొన్ని రీళ్ళు తీశారు కూడా. షూటింగుకు వచ్చే వేళ విషయంలో నిర్మాత చక్రపాణితో మాటపట్టింపు వచ్చింది. క్షమాపణ చెప్పమన్నారు, ఆమె చెప్పలేదు. ఆ పాత్ర సావిత్రికి, సావిత్రి వేయవలసిన పాత్ర జమునకు వెళ్ళాయి. తెలుగు సినిమాకు దానివల్ల నష్టం కలగలేదు. 1955లో 'మిస్సమ్మ' సావిత్రిని అగ్రతారను చేసింది. కానీ చక్రపాణి మంకుపట్టును వృత్తినిష్ఠగానూ, భానుమతి పట్టును పొగరుగానూ చెప్పుకోవడం న్యాయం కాదు. ఇద్దరూ స్టూడియోల లోపలి సంగతులు తెలిసినవారే, ఇద్దరూ తమ పని విలువ ఎరిగినవారే.

'బొబ్బిలి యుద్ధం'లో మల్లమాంబ, 1966 నాటి 'పల్నాటి యుద్ధం'లో నాయకురాలు నాగమ్మ ఆమె కంఠానికీ నిటారైన నిలకడకీ తగిన పాత్రలు. 'గృహలక్ష్మి', 'అంతా మన మంచికే' ఆమె దర్శకత్వంలో వచ్చాయి. 1982లో 'భక్త ధ్రువ మార్కండేయ'ను అందరూ పిల్లలతోనే తీశారు. ఎన్.టి.రామారావు 'తాతమ్మ కల'లో ముదుసలి వేషం వేసిన ఆమె, 1984లో కోడి రామకృష్ణ తీసిన 'మంగమ్మగారి మనవడు'తో కొత్త తరానికి బామ్మ అయ్యారు. అరవై ఏళ్ళకు చేరువలోనూ అందులో ఆమె పాట ఆమే పాడారు.

ఇక రచన. 'అత్తగారి కథలు' తెలుగు హాస్యసాహిత్యంలో చెక్కుచెదరని చోటు సంపాదించుకున్న పుస్తకం. అంతకుముందు తెలుగు కథల్లో, నాటకాల్లో అత్త అంటే కోడళ్ళను రాచిరంపాన పెట్టే మనిషి. భానుమతి అత్తగారు అలా కాదు. మడి, ఆచారం, పాడిపశువులు, ఊరగాయలు, అమాయకత్వం, అంతలోనే గడుసుదనం. అన్నీ తనకే తెలుసన్న ధీమాతో ఇంటిల్లిపాదినీ చిక్కుల్లో పడేస్తుంది. కథ చెప్పే కోడలు ఆమెను చూసి నవ్వుతుంది, కానీ చులకన చేయదు. స్టూడియో నుంచి ఇంటికి వచ్చి వంటింటి మాటలను ఇంత శ్రద్ధగా విని రాయగలిగిన రచయిత్రి ఆమె. ఈ కథలకు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆత్మకథ 'నాలో నేను'కు సినిమా గ్రంథాల విభాగంలో జాతీయ పురస్కారం వచ్చింది.

1966లో పద్మశ్రీ, 2001లో పద్మభూషణ్ వచ్చాయి. విశ్వవిద్యాలయాల సత్కారాలను ఈ సభలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి: 1975లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ, 1984లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ప్రదానం చేశాయి. పద్నాలుగేళ్ళు నిండకముందే వృత్తిలో అడుగుపెట్టిన మనిషి స్నాతకోత్సవ వేదిక ఎక్కడం వెనుక, ప్రతి విద్యనూ పనిచేసే చోటే నేర్చుకున్న చరిత్ర ఉంది. సంగీతం తండ్రి దగ్గర, నటన సి.పుల్లయ్య, బి.ఎన్.రెడ్డిల దగ్గర, కూర్పు, కెమెరా, లెక్కలు సొంత స్టూడియోలో. 1980లలో తమిళనాడు ప్రభుత్వం ఆమెను మద్రాసులోని ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా నియమించింది. సినిమా పాటల ద్వారా ఇంటింటికీ తెలిసిన గొంతుకు శాస్త్రీయ సంగీత విద్యార్థుల బాధ్యత అప్పగించడం ఆ రోజుల్లో సామాన్య విషయం కాదు. తండ్రి పెట్టిన సాధనకు వచ్చిన గుర్తింపులన్నిటిలో దీనికే ఎక్కువ విలువ ఇవ్వవచ్చు.

1998లో వచ్చిన 'పెళ్ళి కానుక' ఆమె చివరి చిత్రం. 2005 డిసెంబరు 24న ఎనభై ఏళ్ళ వయసులో చెన్నైలో కన్నుమూశారు.