తాతగారి వైద్యం
(మన సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి నెలా ఇక్కడ డి.ఏ. బకాయిల గురించో, హెల్త్ కార్డుల గురించో మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శి గారు "మనవల పెంపకంలో మన అనుభవాలు" అనే అంశం పెట్టి, నన్ను కూడా నాలుగు ముక్కలు చెప్పమన్నారు. నేను డాక్టర్ని కాను. 1973లో రెవెన్యూ శాఖలో ఎల్.డి.సి.గా చేరి, 2009లో సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. కాబట్టి నేను చెప్పబోయేది వైద్యశాస్త్రం కాదు. నేను చేసిన ఒక పొరపాటుకు నేనే రాసుకున్న సంజాయిషీ. మా కోడలి అనుమతి తీసుకునే చెబుతున్నాను.

2023 జూన్ నెల. మా అబ్బాయి, కోడలు ఇద్దరూ ఉద్యోగస్తులు. మనవరాలికి అప్పుడు ఎనిమిది నెలలు. పగలంతా నా దగ్గర, మా ఆవిడ దగ్గర ఉండేది. ఆ నెలలో పిల్లకు చెవిపోటు, జ్వరం వస్తే డాక్టరు గారు ఏడు రోజులకు యాంటీబయాటిక్ మందు రాశారు. జ్వరం తగ్గింది గాని నాలుగో రోజు నుంచి విరోచనాలు పట్టుకున్నాయి. అసలే ఉక్కపోత రోజులు. డైపరు మార్చీ మార్చీ మా ఆవిడ చేతులు పడిపోయాయి. నేను కాపలా ఉన్నప్పుడు, నిజం చెప్పాలంటే, బరువెక్కేదాకా ఆ డైపరు జోలికి పోయేవాణ్ణి కాదు.

మందు పూర్తయ్యే సరికి పిల్ల గజ్జల్లో చర్మం ఎర్రగా కందిపోయింది. కోడలు చూసి, "డాక్టరు గారికి ఒకసారి చూపిద్దామా, మామయ్య గారూ?" అంది. నేను నవ్వి, "ఇంతదానికి డాక్టరెందుకమ్మా? మీ ఆయన్ని పెంచింది మేమే కదా. కొబ్బరినూనెలో పసుపు రంగరించి రాస్తే రెండు రోజుల్లో మాడిపోతుంది" అన్నాను. ఆ అమ్మాయి మరి మాట్లాడలేదు.

పసుపు, కొబ్బరినూనె రాశాం. తర్వాత పొడిగా ఉంటుందని మామూలు టాల్కం పౌడరు చల్లాం. మర్నాడు వేపాకు మరిగించిన నీళ్ళతో కడిగి, ఆకు ముద్ద కూడా రాశాం. పిల్ల కెవ్వున ఏడ్చింది. మంట పుడుతోందంటే మందు పనిచేస్తోందని నేను భాష్యం చెప్పాను. పసుపు వల్ల ఇంకో చిక్కు వచ్చింది. చర్మమంతా పచ్చబడి, అడుగున ఎరుపు తగ్గిందో పెరిగిందో కనబడకుండా పోయింది. తగ్గిందనే అనుకున్నాను.

మూడో రోజున మందుల షాపుకు వెళ్ళి అడిగితే ఒక ఆయింట్‌మెంటు ఇచ్చారు. రాసిన రెండో పూటకే ఎరుపు తేలిపోయింది. "చూశారా!" అని ఇంట్లో అందరికీ చూపించాను. అది స్టెరాయిడ్ కలిసిన మందని నాకు తెలియదు. అయిదో రోజుకు ఎరుపు తిరిగి వచ్చింది. ఈసారి తొడల దాకా పాకింది. డైపరు విప్పబోతే పిల్ల కాళ్ళు దగ్గరికి లాక్కుని వణికిపోయింది. ఆ రాత్రి కోడలు నా గది గుమ్మం దగ్గర నిలబడి, "రేపు సెలవు పెట్టాను, మామయ్య గారూ. డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్తానండి" అంది. అడగడం కాదు, చెప్పడం. నేనూ బయలుదేరాను.

డాక్టరమ్మ గారు ముందు పిల్ల నోరు చూశారు. నాలుక మీద, బుగ్గల లోపల పాలమరకల్లాంటి తెల్లని పూత ఉందేమోనని. పాలైతే తుడిస్తే పోతుంది, పూతైతే పోదు. నోరు శుభ్రంగానే ఉంది. తర్వాత గజ్జలు చూసి, "ఇప్పటిదాకా ఏమేం రాశారు?" అని అడిగారు. కోడలు నా వంక చూసింది. నేనే లేచి వరసగా చెప్పుకున్నాను. ఛార్జి మెమోకు జవాబు చెప్పినప్పుడు కూడా నా గొంతు అంతగా తడబడలేదు.

ఆవిడ కోప్పడలేదు. ఓపికగా చెప్పారు. మామూలు ఒరుపు తడి డైపరు తగిలే ఉబ్బెత్తు చోట్ల, అంటే పిర్రల మీద, పొట్ట కింద వస్తుంది. ముడతల లోపల అంతగా ఉండదు. మా మనవరాలికి మాత్రం ముడతల్లోనే ముదురు ఎరుపు. దాని అంచు గీత గీసినట్టు ఉంది. ఆ అంచు దాటాక విడివిడిగా చిన్న చిన్న ఎర్రని పొక్కులు. ఇది కాండిడా అనే శిలీంధ్రం పని. ఇంగ్లీషులో ఈస్టు అంటారు. అది మన పేగుల్లో, నోట్లో, చర్మం మీద ఎప్పుడూ కొద్దిగా ఉండేదే. మంచి బాక్టీరియా దాన్ని అదుపులో ఉంచుతుంది. యాంటీబయాటిక్ వాడితే చెడ్డ బాక్టీరియాతోపాటు కాపలా కాసేది కూడా పోతుంది. దానికి తోడు వేడి, తడి, గాలి ఆడని డైపరు. ఇంకేం కావాలి?

స్టెరాయిడ్ ఎరుపును అణిచింది గాని, శిలీంధ్రాన్ని ఎదిరించే ఒంటి శక్తిని కూడా అణిచింది. పైగా పసిపిల్ల చర్మం పలచన. మీద డైపరు కప్పితే మందు మరింత లోపలికి ఇంకుతుంది. ఇలాంటి స్టెరాయిడ్ పూత మందులు కొన్నింటిని డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదని 2018లోనే కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఉత్తర్వులు ఎంతవరకు అమలవుతాయో మనకు వేరే చెప్పాలా!

క్లోట్రిమజోల్ అనే పూత మందు పలచగా రాసి, దాని పైన జింక్ ఆక్సైడ్ క్రీము మందంగా పట్టించమన్నారు. మూడు రోజుల్లో పిల్ల ఏడుపు మానింది. పైకి తగ్గినా మానొద్దని ముందే చెప్పారు గనక పది రోజులూ రాశాం. మళ్ళీ రాలేదు.

అయితే ఇంటి వైద్యమంతా వృథాయేనా అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. ఆవిడ చెప్పినవీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నవీ కలిపి, ఆడిట్ వాళ్ళ పద్ధతిలో రెండు పద్దులుగా చెబుతాను.

మొదటిది, పాసైన పద్దు. అన్నిటికన్నా గొప్ప ప్రకృతి వైద్యం గాలి. రోజుకు మూడు నాలుగుసార్లు, కాసేపు డైపరు లేకుండా మెత్తని నూలుగుడ్డ మీద పడుకోబెట్టాలి. పాత పంచె ముక్కకు మించింది లేదు. రెండోది నీళ్ళు. విరోచనం అవగానే గోరువెచ్చని నీళ్ళతో కడిగి, రుద్దకుండా గుడ్డతో అద్ది, ముడతల్లో పూర్తిగా ఆరనివ్వాలి. సువాసన వేసిన తడి కాగితాలు వద్దు. మూడోది వేళ తప్పకుండా మార్చడం. తడిసినా తడవకపోయినా రెండు మూడు గంటలకొకసారి చూడాలి. గుడ్డలే వాడేవారు వేడినీళ్ళతో ఉతికి, సబ్బు మిగలకుండా జాడించి, ఎండలో ఆరవేయాలి. మన అమ్మల కాలంలో ఈ బాధ తక్కువగా కనబడిందంటే అది పసుపు మహిమ కాదు, గోచీ గుడ్డ మహిమ. తడవగానే తెలిసేది, వెంటనే మార్చేవారు.

రెండోది, అభ్యంతరం పెట్టిన పద్దు. కొబ్బరినూనె ప్రయోగశాలలో గాజు పళ్ళెంలో కాండిడాను అణిచిన మాట నిజం. కాని పళ్ళెం వేరు, పిల్ల ఒళ్ళు వేరు. చిట్లని చర్మానికి అడ్డుపూతగా పనికొస్తుంది గాని, ముదిరిన పుండును మాన్పుతుందని దాన్నే నమ్ముకోకూడదు. పసుపు సంగతి నా అనుభవమే చెప్పింది. పైగా బజారు పసుపులో రంగు కోసం సీసం కలిసిన క్రోమేటు కల్తీ చేసిన సందర్భాలు బయటపడ్డాయి. టాల్కం పౌడరు పసిబిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. వంటసోడా రాస్తే చిట్లిన చర్మంలోంచి ఇంకి ఒంట్లో క్షారం పెరిగిన కేసు వైద్య పత్రికలకు ఎక్కింది. వెనిగర్, నిమ్మరసం పుండు మీద కారం చల్లినట్టే.

అన్నిటికన్నా ముఖ్యం బోరిక్ పౌడరు. మన సంఘం గదిలో క్యారమ్స్ బల్ల మీద చల్లుతామే, అదే. ఒకప్పుడు దాన్ని పిల్లల గజ్జలకు వాడేవారు. చర్మం చిట్లిన చోటు నుంచి అది రక్తంలో కలిసి పసిపిల్లలు చనిపోయిన సంఘటనలు గత శతాబ్దంలో నమోదయ్యాయి. దాన్ని క్యారమ్స్ బల్లకే పరిమితం చేయవలసిందిగా మనవి.

ఇక ప్రకృతి వైద్యమా, ఇంగ్లీషు మందా అని తగవులాడేవారికి ఒక సంగతి. కాండిడాకు నమ్మకంగా పనిచేసిన తొలి మందుల్లో నిస్టాటిన్ ఒకటి. దాన్ని కనిపెట్టినవారు ఇద్దరు ఆడవాళ్ళు, ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్. ఇద్దరూ అమెరికాలో న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్య శాఖ ఉద్యోగినులు. అంటే మనలాగా ప్రభుత్వోద్యోగులే! ఒకరు న్యూయార్క్ నగరంలో, ఇంకొకరు ఆల్బనీలో. మట్టి నమూనాల మీద తయారుచేసిన పదార్థాలు ఇద్దరి మధ్యా తపాలాలో తిరిగేవి. చివరికి వర్జీనియాలో హేజెన్ గారి స్నేహితుల పొలం మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆ మందు దొరికింది. 1950లో ప్రకటించారు. న్యూయార్క్ స్టేట్ అనే మాటల నుంచే దానికి ఆ పేరు పెట్టారు. దాని మీద వచ్చిన రాయల్టీ సొమ్ము తాము తీసుకోకుండా శాస్త్ర పరిశోధనకే ఇచ్చేశారు. పొలం మట్టి కంటే ప్రకృతి ఇంకేముంది? తేడా అల్లా ఒక్కటే. వాళ్ళు పరీక్షించి చూశారు, నేను నమ్మి రాశాను.

కనుక నా తోటి తాతయ్యలకు, అమ్మమ్మలకు, నాయనమ్మలకు ఒక గడువు మనవి చేస్తాను. శుభ్రం, గాలి, జింక్ క్రీము, వీటితో రెండు మూడు రోజులు చూడండి. తగ్గకపోయినా, ఎరుపు ముడతల్లోకి దిగినా, చుట్టూ పొక్కులు లేచినా, నోట్లో పూత కనిపించినా డాక్టరుకు చూపించండి. జ్వరం, చీము, నీటి బుగ్గలు, నెత్తురు కనిపిస్తే ఆ గడువు కూడా వద్దు. నెలలు నిండని పసిగుడ్డయితే ఇంట్లో ప్రయోగాలే వద్దు.

చివరిగా ఒక్క మాట. పిల్ల కోలుకున్నాక ఒక సాయంత్రం కోడల్ని అడిగాను: "మొదటి రోజే నీకు అనుమానం వచ్చింది కదమ్మా, గట్టిగా ఎందుకు చెప్పలేదు?" ఆ అమ్మాయి కాసేపు ఊరుకుని, "మీరు బాధపడతారేమోనండి" అంది.

ఆ మాట నాకు ఇప్పటికీ తగులుతూనే ఉంది. ఆఫీసులో పైవారు తప్పు రాసినా కింది గుమస్తా నోరు మెదపకపోతే ఫైలు ఏమవుతుందో మనందరికీ తెలుసు. మా ఇంట్లో ఆ ఫైలు ఒక పసిబిడ్డ. నా పెద్దరికం నిలబడటానికి అది అయిదు రోజులు ఏడ్చింది. ఇప్పుడు మా ఇంట్లో పిల్ల విషయంలో తల్లి మాటే తుది ఉత్తర్వు. నేను నా అభిప్రాయం నోట్ రాసి పెడతాను, అంతే. సంతకం ఆమెది.