తిరిగి పనికివచ్చిన చేయి
(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



రెండు దినములుగా ఈ శిబిరమున మీరు రోడ్లను గూర్చియు, మంచినీటిని గూర్చియు, పన్నుల వసూలును గూర్చియు వినియున్నారు. నేను ఈ పూట ఒక చేతిని గూర్చి మాటలాడదలచితిని. ఆస్పత్రిలో వైద్యులు చక్కజేసి పంపిన చేయి గ్రామమునకు తిరిగి వచ్చిన తరువాత ఏమగుచున్నది, అందు పంచాయతీ బాధ్యత ఎంత అను విషయమును మీకు మనవి చేయుదును.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గ్రామమున మేము ఆరోగ్య ప్రదర్శన ఏర్పాటు చేసియుంటిమి. అచటికి ఒక స్త్రీ వచ్చెను. కుష్ఠువ్యాధి వలన ఆమె కుడిచేతి వ్రేళ్లు కొక్కెములవలె వంగిపోయియుండగా శస్త్రచికిత్స చేయించుకొని వచ్చినది. అందరి యెదుటను వ్రేళ్లు చాపి చూపినది, ముడిచి చూపినది. జనులు ఆశ్చర్యపడిరి. కాని ఆమె చూపుడు వ్రేలి ప్రక్కన రూపాయి బిళ్లంత బొబ్బ యుండెను. అదేమని అడిగితిని.

“అన్నం గిన్నె దించాను బాబూ. కాలినట్టు తెలియలేదు” అని ఆమె బదులు చెప్పినది.

“గుడ్డతో పట్టుకొమ్మని ఆస్పత్రివారు చెప్పలేదా అమ్మా?”

“చెప్పారు బాబూ. పెళ్లివారింట వంటకు పిలిచారు. అందరూ వట్టి చేత్తో దించుతుంటే నేనొక్కదాన్నే గుడ్డ పట్టుకుంటే నా సంగతి తెలిసిపోదా?”

సభ్యులారా, ఈ మాట నేను నేటికిని మరువలేదు. శస్త్రచికిత్స చేసిన వైద్యుని పనిలో లోపము లేదు. ఆమెకు తెలియక జరిగినదియు కాదు. తన వ్యాధి సంగతి ఊరికి తెలియునను భయము చేతనే ఆమె వ్రేలు కాల్చుకొన్నది.

కుష్ఠువ్యాధిలో చేయి ఏల వంగునో మొదట తెలిసికొనవలెను. మోచేతి లోపలి ప్రక్కన ఎముక వెనుకగా ఒక నరము పోవుచున్నది. అచట దెబ్బ తగిలినచో చిటికెన వ్రేలి వరకు జివ్వుమనును. ఇది మీ యందరికిని అనుభవమే. వ్యాధి క్రిములు ఆ నరమును పట్టినప్పుడు అది ఉబ్బి, నొక్కుకొని, క్రమముగా చచ్చిపోవును. అప్పుడు అరచేతిలోని చిన్న కండరములు పనిచేయవు. వ్రేళ్లు వంగిపోవును. మణికట్టు వద్దనున్న నరము కూడ చెడినచో బొటనవ్రేలు తక్కిన వ్రేళ్లకు ఎదురుగా రాజాలదు. ఇక చేయి ముద్ద కలుపలేదు, కొడవలి పట్టలేదు, చొక్కా గుండీ పెట్టలేదు.

చచ్చిన నరమును బ్రతికించుట సాధ్యము కాదు. మరి వైద్యులు చేయునదేమి? బండికి కట్టిన ఎద్దులలో ఒకటి కూలబడినప్పుడు వేరొక ఎద్దును తెచ్చి కాడికి కట్టుదుము గదా! ఇదియు అట్టిదే. ప్రతి కండరము చివర త్రాడు వంటి స్నాయువు ఉండును. కండరము లాగినప్పుడు ఆ త్రాడు ఎముకను కదలించును. ఆరోగ్యముగనున్న వేరొక కండరపు త్రాడును ఊడదీసి, దారి మళ్లించి, పనిచేయని వ్రేళ్లకు కట్టుదురు.

కుష్ఠురోగుల చేతులకు ఈ విద్యను వర్తింపజేసిన చరిత్ర మన పొరుగుననే జరిగినది. 1914లో తమిళదేశపు కొల్లి కొండలలో జన్మించిన డాక్టరు పాల్ బ్రాండ్ 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చెను. చెంగల్పట్టు కుష్ఠు ఆస్పత్రిలో డాక్టరు రాబర్ట్ కాక్రేన్ ఆయనకు రోగుల చేతులను చూపెను. కుష్ఠురోగుల శరీరమున కోసిన గాయము మానదని ఆనాటి నమ్మకము. బ్రాండును, ఆయన సహచరులును ఆ నమ్మకము తప్పని నిరూపించిరి. గాయములు తక్కినవారికి వలెనే మానినవి. ముడుచుకొనిన వ్రేళ్లు చాచుకొనినవి. 1955లో వెల్లూరు సమీపమున కరిగిరిలో స్థాపితమైన పరిశోధనాలయము కూడ ఈ పనికి పేరెన్నిక గన్నది.

అయితే ఫలితములు మొదటినుండియు నిర్దోషములు కావు. వ్రేలిని ముడుచు కండరములలో ఒకదానిని తీసి వాడిన తొలి పద్ధతిలో బిగువు ఎక్కువై, కొందరి వ్రేళ్లు హంస మెడవలె వెనుకకు వంగినవి. అందుచేత బ్రాండు మణికట్టును ఎత్తు కండరమును ఎన్నుకొని, శరీరమున వేరొకచోటినుండి తీసిన స్నాయువుతో దానికి పొడవు చేర్చి వ్రేళ్లకు అతికించు పద్ధతిని అవలంబించెను. నేడు వైద్యులు ప్రతి చేతిని పరీక్షించి దానికి తగిన పద్ధతిని ఎన్నుకొందురు. అయినను కొన్ని చిక్కులు కలుగవచ్చును. కుట్లు చీము పట్టవచ్చును. మార్చిన స్నాయువు చుట్టునున్న కణజాలమునకు అంటుకొని కదలకపోవచ్చును. తొందరపడి బరువు ఎత్తినచో అతుకు సాగవచ్చును, తెగవచ్చును. ఏండ్ల తరబడి కీళ్లు బిగిసిపోయిన చేతికి స్నాయువు మార్చినను పూర్తి ఫలము దక్కదు.

ఈ కారణములచేతనే వైద్యులు వెంటనే కత్తి పట్టరు. మందుల చికిత్స సక్రమముగా జరిగియుండవలెను. నరముల వాపు, నొప్పి సుమారు ఆరు నెలలుగా అణగియుండవలెను. పుండ్లు మానవలెను. నూనెతో మర్దించి, వ్యాయామముతో కీళ్లను మెత్తపరచవలెను. శస్త్రచికిత్స తరువాత మూడు నాలుగు వారములు పిండికట్టు, ఆ పిమ్మట మరికొన్ని వారములు వ్యాయామము. మణికట్టును ఎత్తుచుండిన కండరము ఇప్పుడు వ్రేళ్లను నడుపవలెనని మెదడు క్రొత్తగా నేర్చుకొనవలసియున్నది. సుమారు మూడు నెలలవరకు బరువు పనులు చేయరాదు. కోతలు వచ్చినవని నడుమ లేచి వచ్చిన మనిషి చేతిని తానే పాడు చేసికొనినట్లగును.

ఇక ముఖ్యమైన సంగతి. శస్త్రచికిత్సతో కదలిక వచ్చును గాని స్పర్శ రాదు. వేడి, చల్లన, ముల్లు, కత్తి — ఏదియు తెలియదు. కుష్ఠు వ్రేళ్లను తినివేయునని మన పెద్దలు తలచెడివారు. వెల్లూరులో బ్రాండు తాళముచెవి త్రిప్పలేక కష్టపడుచుండగా ఒక బాలుడు వచ్చి సులువుగా త్రిప్పెను. చూడగా బాలుని వ్రేలు ఎముకవరకు తెగియుండెను. వానికి నొప్పియే తెలియలేదు. ఎంత బలముతో పట్టవలెనో మనకు నొప్పి తెలుపుచున్నది. ఆ హెచ్చరిక లేనిచో మనిషి తన చేతిని తానే నలిపివేసికొనును. రాత్రి నిద్రలో ఎలుకలు వ్రేళ్లు కొరికినను తెలియని రోగులుండిరని, వారి గుడిసెలకు పిల్లులను ఇప్పించిరని బ్రాండు అనుభవములలో కలదు. దెబ్బలు, కాలుటలు, మానని పుండ్లు — వీటివలననే వ్రేళ్లు పొట్టివగుచున్నవి. చక్కజేసిన చేయి మరింత పని చేయును గనుక మరింత జాగ్రత్త కావలెను.

మరియొక చిక్కు ఆస్పత్రిలో కనబడనిది. వెల్లూరులో చేతులు బాగుపడి ఇంటికి పోయిన వారిలో ఒకడు తిరిగి వచ్చి, ఈ చేతులు బిచ్చమెత్తుటకు పనికిరావని బ్రాండుతో మొరపెట్టుకొనెను. చేతులు వంకరగా నున్నప్పుడు జాలిపడి నాణెము వేసినవారు ఇప్పుడు వేయరు. పాత వ్యాధిని తలచి పని ఇచ్చువారును లేరు. శస్త్రచికిత్స ఫలించినది, మనిషి బ్రతుకు ఫలించలేదు. అందువలన బ్రాండు దంపతులు, వారి సహచరులు 1951లో నవజీవన కేంద్రమును నెలకొల్పి, చేతులు బాగుపడినవారికి వడ్రంగము మొదలైన పనులు నేర్పించిరి. పనిలో ఏ దెబ్బ ఎట్లు తగిలినదో ప్రతిదినము చూచి, పనిముట్ల పిడులను తదనుగుణముగా మార్చిరి.

సభ్యులారా, పంచాయతీ చేయదగిన పని ఇచటనే యున్నది.

మొదటిది, శస్త్రచికిత్స అవసరమే రాకుండ చూచుట. స్పర్శ లేని మచ్చ, చేతి తిమ్మిరి, చిటికెన వ్రేలి బలహీనత కనబడినవారిని ఆశా కార్యకర్త ద్వారా వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపుడు. నరము దెబ్బతిని ఆరు నెలలు దాటకుండ వైద్యము మొదలైనచో అనేకులకు బలము తిరిగి రావచ్చును. కుష్ఠుకు మందులు ఉచితము. రోగ స్వభావమును బట్టి ఆరు నెలలు గాని పన్నెండు నెలలు గాని వాడవలెను. 2005 చివర దేశము మొత్తముమీద ఈ వ్యాధి పదివేల మందికి ఒకరికన్న తగ్గినదని ప్రకటించిరి. అంతమాత్రమున వ్యాధి పోలేదు. 2023-24లో మన దేశమున క్రొత్తగా కనుగొనబడిన వారు లక్షకు పైననే.

రెండవది, చేయి వంగినవారిని ఆస్పత్రికి పంపుట. ఈ శస్త్రచికిత్స ఎక్కడ జరుగునో జిల్లా కుష్ఠు నివారణాధికారి తెలుపగలరు. చికిత్స పొందువారికి ప్రభుత్వము సంక్షేమ భృతి కూడ ఇచ్చుచున్నది. రోగి ఆస్పత్రిలో నున్న వారములలో ఇంటి పిల్లలను, పశువులను ఎవరు చూతురో విచారించుడు. నడుమ లేచి రావలసిన అవసరము అతనికి కలుగకుండ చూడుడు.

మూడవది, తిరిగి వచ్చినవారికి పని ఇచ్చుట. పార పిడికి, కొడవలి పిడికి మెత్తని గుడ్డ చుట్టించుడు. వేడి వస్తువులకు మందపు గుడ్డయో, కొయ్యపిడి గరిటెయో వాడనిండు. ప్రతి సాయంకాలము చేతులు చూచికొని, నీటిలో నానబెట్టి, నూనె రాచికొను అలవాటును ప్రోత్సహించుడు. చిన్న బొబ్బ కనబడినను ఆ చేతికి విశ్రాంతి కావలెను. ఆ దినమున కూలి పోవునను భయముతో అతడు దానిని దాచుకొనరాదు.

2017 నుండి ప్రతి జనవరి 30వ తేదీన, గాంధీ మహాత్ముని వర్ధంతి దినమున, గ్రామసభలలో ‘స్పర్శ’ పేరుతో కుష్ఠు నివారణ ప్రచారము జరుగుచున్నది. ఆనాడు ప్రతిజ్ఞ చదివి ఊరకుండక, మీ గ్రామమున చికిత్స పొందినవారిని ఇతరులతో పాటు అదే వరుసలో కూర్చుండబెట్టుడు. తరువాత పెళ్లివారింట ఆ తల్లి నలుగురిలో గుడ్డ పట్టుకొని గిన్నె దించగలిగిననాడు, దానిని ఎవరును వింతగా చూడనినాడు, ఆమె శస్త్రచికిత్స పూర్తియైనట్లు. ఆ మిగిలిన పని వైద్యునిది కాదు, మనది.

సెలవు. జైహింద్.